అయిదో పాటలో దాచిన గొంతు

మా అత్తగారు బతికున్నన్నాళ్లూ నన్ను ఒకే ప్రశ్న అడిగేది. "పాట రాసేది ఒకరు, బాణీ కట్టేది ఒకరు, పాడేది ఒకరు, వాయించేది పదిమంది. మరి అక్కడ నువ్వేం చేస్తావు బాబూ?" అని. ఎన్ని విధాల చెప్పినా ఆవిడకి ఎక్కేది కాదు. ఓసారి విసుగొచ్చి, "ఎవరు ఎంత వినపడాలో చూస్తానండీ" అన్నాను. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, పడక్కుర్చీలో పేపరు చదువుతున్న మా మావగారి వైపు ఓరగా చూసి, "అయితే ఓ నెల సెలవు పెట్టి మా ఇంట్లో ఉండు బాబూ. ఈ కొంపలో నా మాట వినపడి ముప్ఫయ్యేళ్లయింది" అంది.

అప్పుడు నవ్వుకున్నాను గానీ, ఫిల్మ్‌నగర్ స్టూడియోల్లో ఇన్నేళ్లు మిక్సింగ్ ఇంజినీరుగా నేను చేసిన పనికి అంతకంటే మంచి వివరణ నాకు దొరకలేదు. ఒక పాటలో నలభై, యాభై శబ్దాలుంటాయి. ప్రతిదానికీ ఒక మీట. పైకి తోస్తే ఆ మనిషి ఉన్నట్టు, కిందికి లాగితే లేనట్టు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ మధురానగర్‌లో మా ఇంటికి వచ్చి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఏ స్పీకర్లు కొనాలి అని అడుగుతుంటారు. వాటి గురించి నాకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. నేను చెప్పగలిగింది ఒక పాట గురించి. దాన్ని నేను పాడుచేస్తే బోరబండలో ఒకతను బాగుచేశాడు. ఆ పాటలో ఒకావిడ గొంతు దాచిపెట్టాను. ఆవిడ వచ్చి అడిగితే తప్పించుకున్నాను. ఇది చెప్పకుండా నా ఉద్యోగం గురించి ఇంకేం చెప్పినా సగం అబద్ధమే.

తలుపు బయట

నాకు పని నేర్పింది మాధవయ్య గారు. మద్రాసులో టేపుల కాలం నుంచి పాటలు రికార్డు చేసి, పరిశ్రమతో పాటే హైదరాబాదు వచ్చేసిన మనిషి. నోరు చెడ్డది, చెవి మంచిది. చేరిన కొత్తలో నేనో పాట మిక్సింగ్ చేసి, మహా గొప్పగా ఆయనకి వినిపించాను. పాట మొదలవగానే ఆయన లేచి బయటికెళ్లి తలుపేసుకున్నాడు. నచ్చక వెళ్లిపోయాడనుకున్నాను. పాట అయ్యాక తలుపు తీసి తల మాత్రం లోపల పెట్టి, "ఒరేయ్ మూర్తీ, పల్లవిలో ఆ పిల్ల ఏమంటోందిరా?" అన్నాడు. చెప్పాను. "నాకు వినపళ్లేదు. నీ బూరలు వినపడ్డాయి. పిల్ల ఎవర్నో ప్రేమించానని ఏడుస్తుంటే మధ్యలో ఈ బూరలేంట్రా, ఊరేగింపా?" అన్నాడు.

తర్వాత కూర్చోబెట్టి చెప్పాడు. "ఈ గదిలో ఏ పాటైనా బాగుంటుంది. గది కట్టిందే అందుకు. తలుపు బయట నిలబడి విను. అక్కడికి ఏది వస్తే అదే పాట."

ఆయన ఉన్నంతకాలం అలాగే విన్నాను. ఆయన పోయాక మర్చిపోయాను. మర్చిపోవడానికి కారణం కూడా ఉంది. జూబ్లీహిల్స్‌లో మా వాళ్లకి ఒక అలవాటుంది. మిక్సింగ్ అయిన పాటను కారులో పెట్టుకుని వింటారు. నేను ఎక్కువగా పనిచేసిన సంగీత దర్శకుడు ప్రసాదరావు గారు ఈ కారు పరీక్షలో పాసవని పాటని బయటికి వదిలేవాడు కాదు. కొండ మీది రోడ్లలో ఓ చుట్టు తిరిగి వచ్చి, "మూర్తీ, వయొలిన్లు ఇంకొంచెం మెరవాలయ్యా" అనేవాడు. మంచి మనిషి, పక్కన కూర్చున్నవాడికి తన డబ్బా విప్పి సగం పులిహోర పెట్టే రకం. కానీ ఆ కారు అద్దాలు మూసి ఉండేవి. లోపల ఏసీ. అత్తగారి నగలన్నీ ఒకేసారి వేసుకున్న కొత్త కోడలిలా ఆ కారులో మా పాటలు మహా అందంగా ఉండేవి. జనం మాత్రం పాటని అద్దాల్లేని ఆటోలో వింటారు. ఈ చిన్న సంగతి మా ఇద్దరికీ చాలా ఏళ్లు తట్టలేదు.

పెళ్లికి ముందు పందిరి

బయటివాళ్లకి తెలియని ఒక పద్ధతి ఇక్కడ చెప్పాలి. బాణీ కుదిరాక పెద్ద గాయని వచ్చి పాడేలోపు, స్థానికంగా ఉండే ఒకరి చేత ఆ పాట మొత్తం పాడించి పెట్టుకుంటారు. దాన్ని ట్రాక్ పాడటం అంటారు. దర్శకుడు దాన్ని విని ఓకే అంటాడు, పెద్ద గాయని దాన్ని విని నేర్చుకుంటుంది, ఒక్కోసారి డాన్సు కూడా దాని మీదే తీసేస్తారు. ఆఖర్న పెద్ద గొంతు రాగానే ట్రాక్ గొంతు మీట కిందికి లాగేస్తాం. ఇందులో తప్పేమీ లేదు, ట్రాక్ పాడేవాళ్లకీ ఇది తెలుసు. కానీ పాటలో విరుపులు, ఊపిరులు సగం వాళ్లు పెట్టినవే ఉంటాయి. ఆ సంగతి ఎవరూ అనుకోరు.

మా దగ్గర ట్రాకులు పాడేది స్వరూప. వరంగల్ వైపు నుంచి వచ్చి యూసుఫ్‌గూడలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. భర్త లేడు. ఒక్క ఆడపిల్ల, శ్రావణి. ఎంత కష్టమైన బాణీ అయినా రెండుసార్లు విని మూడోసారి పాడేసేది. నా తోటివాళ్లు పెద్ద గాయనుల గురించి కథలు చెప్పుకుంటారు గానీ, నా చెవికి నచ్చిన గొంతు ఆవిడది. ఓసారి ఊరుకోలేక, "నీ పాట నీ పేరుతో రావాలమ్మా స్వరూపా" అన్నాను. "నా గొంతు పెండ్లికి ముందటి పందిరి సారూ. పెండ్లయినంక పీకేస్తరు. పందిరి ఏడిస్తే పెండ్లి ఆగుతదా?" అని నవ్వేసింది. నవ్వి, సంచీ భుజానేసుకుని, పిల్ల బడి టైముకి పరుగెత్తింది. ఎప్పుడూ పరుగే.

నేను చేసిన పని

ఆ సినిమాలో అయిదు పాటలు. మొదటి మూడూ హీరోవి, నాలుగోది విషాదం, అయిదోది పెళ్లింట్లో పసుపు దంచే పాట. అయిదో పాట అంటే మా భాషలో ఉన్నా లేకపోయినా ఒకటే. పల్లవి మాత్రం ముచ్చటగా ఉండేది.

రోలు నిండింది వదినో,
ఇల్లు నిండింది వదినో.

ట్రాక్ స్వరూప పాడింది. అసలు పాట ముంబై గాయని పాడి పంపించింది. పేరు రాయను, చాలా పెద్ద పేరు. చరణాలు చక్కగా పాడింది, ఉచ్చారణ కూడా కష్టపడి నేర్చుకుంది. కానీ పల్లవిలో ఆ "వదినో" దగ్గరికి వచ్చేసరికి గొంతు తేలిపోయింది. వదిన ఎక్కడో పెరట్లో ఉంటే పిలవాలి కదా, ఈవిడ పక్కనే సోఫాలో కూర్చున్న వదినతో మాట్లాడినట్టుంది. పాట మర్నాడు పొద్దున బయటికి రావాలి. ముంబైకి ఫోన్ చేసి మళ్లీ పాడించే వ్యవధి లేదు. ప్రసాదరావు గారు విని, "ఏదో తక్కువైంది మూర్తీ, చూడు" అని కాఫీకి వెళ్లాడు.

ఏం తక్కువైందో నాకు తెలుసు. ట్రాక్ ఫైలు తెరిచి, పల్లవి వచ్చిన ప్రతిచోటా ముంబై గాయని గొంతు తీసి స్వరూప గొంతు పెట్టాను. పాట లేచి నిలబడింది. మరుక్షణం భయమేసింది. రెండు గొంతులని ఎవరైనా పట్టేస్తే? పెద్ద గాయని పాటలో ట్రాక్ గొంతు కలిపానని తెలిస్తే? అందుకని పల్లవి మీద ఎనిమిది వయొలిన్లు, కోరస్, రెండు రకాల గజ్జెలు తెచ్చి కప్పేశాను. వదినో అన్న పిలుపు తర్వాత కాస్త ఖాళీ ఉంటే, అక్కడ ఊపిరి తేడా తెలుస్తుందేమోనని అదీ పూడ్చేశాను. ప్రసాదరావు గారు వచ్చి, కారు పరీక్ష చేసి, "ఆఁ, ఇప్పుడు దారికొచ్చింది, వయొలిన్లు భలే ఉన్నాయ్" అన్నాడు. ఏం చేశానని అడగలేదు, నేను చెప్పలేదు. స్వరూపకీ చెప్పలేదు. దొంగతనం చేసి, దొంగసొత్తు మీద పట్టుచీర కప్పానన్నమాట.

సినిమా వారం ఆడింది. రెండోవారం ఆడించిన ఒకటీ అరా హాళ్లలో నిడివి తగ్గించడానికి అయిదో పాట ఎత్తేశారు. నా నేరం దానితో పాటే పోయిందని హాయిగా ఉన్నాను.

బోరబండ స్టేషన్ దగ్గర

ఆరేళ్లు గడిచాయి. నా రిటైర్మెంట్‌కి ఇంకో రెండు నెలలున్నాయనగా, ఒకరోజు మధ్యాహ్నం బంధువులింటికి ఆటోలో వెళ్తూ బోరబండ రైల్వేస్టేషన్ దగ్గర బరాత్‌లో ఇరుక్కున్నాను. ముందు పెళ్లికొడుకు కారు, దాని ముందు స్పీకర్ల బండి, దాని ముందు ఊరంతా. ఎండ మండిపోతోంది. తీన్‌మార్ దెబ్బ ఒకటి సాగుతోంది, నా ప్రాణానికి విసుగ్గా ఉంది. ఇంతలో దెబ్బ ఆగింది. ఒక్క గొంతు, ఒంటరిగా, ఏ వాయిద్యం లేకుండా లేచింది.

ఇల్లు నిండింది వదినో.

ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో రోడ్డు మీదున్న జనమంతా, ముసలమ్మలూ పిల్లలూ పెళ్లికొడుకుతో సహా, "వదినో" అని తిరిగి అరిచారు. అప్పుడు పడింది డప్పు.

నేను ఆటో కడ్డీ పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆటో నడిపేతను అద్దంలోంచి నన్ను చూసి, "ఏంది సార్, పాట తెల్వదా? గిదే కదా ఇప్పుడు. పెండ్లయినా, బోనాలయినా, నా బిడ్డ ఫోన్ల రీల్స్ అయినా గిదే" అన్నాడు. మాధవయ్య గారు తలుపు బయట నిలబడి వినమన్నది ఇదే. ఆరేళ్ల తర్వాత, తలుపు లేని ఆటోలో కూర్చుని నా పాట నేను మొదటిసారి విన్నాను.

సామాను తీసి బయటపెట్టినవాడు

వినగానే మెచ్చుకున్నాననుకునేరు. ఒళ్లుమండి మర్నాడే వాడెవడో కనుక్కుంటూ వెళ్లాను. రీమిక్స్ చేసింది డీజే సాయిలు. బోరబండ కొండ మీద ఇరుకు సందులో సౌండ్ దుకాణం. నలభై ఏళ్లుంటాయి, చిన్నప్పటి నుంచి డప్పు వాయించినవాడు, అరచేతులు కాయలు కాచి ఉన్నాయి. నేనెవరో చెప్పి, "నా పాటని ఎవర్నడిగి ఇలా చేశావయ్యా?" అని గట్టిగానే అడిగాను.

"మీ పాటనా సార్!" అని లేచి కుర్చీ తుడిచి వేశాడు. "కూసోండి సార్. అడగకుంట చేసిన, తప్పే. గనీ ఒక మాట. నేను ముట్టకముందు గీ పాట ఎవరన్న ఇన్నరా సార్?"

అతను టీ తెప్పించి, తన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. పాటలోంచి గొంతునీ వాయిద్యాలనీ విడదీసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి కదా, దాంతో నా పాటని విప్పి పెట్టుకున్నాడు. "మస్తు సామాను పెట్టిండ్రు సార్ మీరు. సోఫాలు, పూలకుండీలు, అద్దాలు, మస్తు. ఇల్లు మంచిగున్నది. గనీ ఇంట్ల మనిషి కనవడ్తలేదు. నేనేం చెయ్యలే సార్, సామాను తీసి బయట పెట్టిన, గంతే."

రీమిక్స్ అంటే చిన్నచూపు ఉన్న మన పిల్లల కోసం అతను చేసింది వివరంగా చెబుతాను. నా పాటలో పల్లవి రావడానికి ముందు చాలాసేపు వేణువూ గాలీ పక్షులూ ఉండేవి. అదంతా కోసి, పల్లవితోనే మొదలుపెట్టాడు. వేగం కాస్త పెంచాడు, ఎంతంటే నడుస్తూ ఆడేవాడి పాదానికి సరిపోయేంత. కొలతకి ఏ పరికరమూ వాడలేదు, దుకాణంలో అటూ ఇటూ నడిచి చూసుకున్నాడట. చరణాలు మొత్తం తీసేశాడు. అన్నిటికంటే పెద్ద పని, పిలుపు తర్వాత నేను పూడ్చిన ఖాళీని తవ్వి మళ్లీ ఖాళీ చేశాడు. "గా జాగ జనానిది సార్. పిలిస్తే పలకాలె కదా. మీరు జాగ ఇయ్యకపోతే వాళ్లేడ పలుకుతరు?" అన్నాడు. నేను చదువుకున్న పుస్తకాలేవీ ఈ ముక్క చెప్పలేదు. ప్రతి పాటకీ కింద దబదబమని దెబ్బ తగిలించి రీమిక్స్ అనేవాళ్లని చాలామందిని చూశాను, వాటిలో నూటికి తొంభై చెత్త. మంచి రీమిక్స్ చేసేవాడు పాటలో ఇదివరకే ఉన్నదాన్ని కనిపెడతాడు.

లేవబోతుంటే సాయిలు మెల్లగా అడిగాడు. "సార్, ఒకటడుగుత, ఏమనుకోకుర్రి. చరణం పాడినామె వేరే, వదినో అన్నామె వేరే. కాదా?"

ఆరేళ్లలో ఒక్కడు పట్టుకున్నాడు. "నీకెలా తెలిసింది?" అన్నాను.

"చరణం పాడినామె పాట పాడుతున్నది సార్. వదినో అన్నామె నిజంగ పిలుస్తున్నది. గామె గొంతు కోసమే చరణాలు తీసేసిన."

సగం మిగిలిన టీ

పది రోజులు తిరగకుండానే, పాట ఊరంతా మోగుతోందని జూబ్లీహిల్స్‌కి వార్త చేరింది. పాట హక్కులున్న కంపెనీవాళ్లు సాయిలుతో మాట్లాడుకుని, అధికారికంగా రీమిక్స్ విడుదల చేద్దామన్నారు. ప్రసాదరావు గారు పదేళ్లు చిన్నవాడయ్యాడు. "చూశావా మూర్తీ, మన పాట!" అని అందరికీ ఫోన్లు. పోస్టరు మీద ముంబై గాయని ఫొటో వేస్తున్నారు. మిక్సింగ్ నేనే చెయ్యాలి, అదే నా ఆఖరి పాట కూడా కావచ్చని అందరూ ముచ్చటపడ్డారు.

సరిగ్గా అప్పుడే స్వరూప స్టూడియోకి వచ్చింది. పని లేకుండా ఎప్పుడూ రాని మనిషి. నేను టీ ఇప్పిస్తే గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది.

"సారూ, ఒక మాట అడుగుత, నిజం చెప్పుర్రి. గా వదినో అన్నది నా గొంతేనా?"

నేను తెర వైపు తిరిగి ఏదో మీట సర్దాను. ఆవిడే అందుకుంది. "మా గల్లీల రోజూ పెడుతున్నరు. ఇన్నప్పుడల్లా ఉలిక్కిపడుత. బిడ్డతోని అన్న, అది నేనే పాడిన అని. నవ్వింది సారూ. అమ్మా, బయట అనకు, నా దోస్తులు ఇంటే పరువు పోతది అన్నది. కాదంటె కాదనుర్రి, నేనేమనుకోను. ఇన్నేండ్ల సంది ట్రాకులు పాడి పాడి, ఏ పాట ఇన్నా నాదే అనిపిస్తుందేమో. తలకాయ ఖరాబైందేమోనని భయమైతుంది."

అవునమ్మా, నీదే అనడానికి ఒక్క క్షణం పట్టేది. నేనేమన్నానో తెలుసా? "పాత ఫైళ్లు చూడాలమ్మా. చూసి చెప్తాను" అన్నాను. చూడక్కర్లేదు, నాకు తెలుసు. కానీ రెండు నెలల్లో శాలువా కప్పి పంపించబోతున్నారు. ఇప్పుడు నోరు విప్పితే, పెద్ద గాయని పాటలో దొంగచాటుగా ఇంకొకరి గొంతు కలిపిన ముసలాడని మొత్తం ఫిల్మ్‌నగర్ చెప్పుకుంటుంది. నా శాలువా కోసం తనకి మతి చెడిందని ఆవిడే అనుకునేలా చేశాను.

"సరే సారూ" అని లేచింది. టీ సగం కూడా తాగలేదు. ఆ గ్లాసు సాయంత్రం దాకా నా బల్ల మీదే ఉంది. తీయమని ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు. నా జీవితంలో చాలా పాటలు చెడగొట్టాను, ఒక హీరో గారి గొంతు తలకిందులు చేసి తిట్లు తిన్నాను. అవేవీ తప్పులు కావు, పొరపాట్లు. తప్పంటే ఇది.

మీట పైకి

రీమిక్స్ మొదలుపెట్టిన రోజు గదిలో ప్రసాదరావు గారు, కంపెనీ మనిషి, సాయిలు, నేను. "సాయిలు దగ్గరున్నది విడదీసిన గొంతు, అరిగిపోయి ఉంది. నీ దగ్గర అసలు ఫైలు ఉంటుందిగా మూర్తీ, శుభ్రమైన గొంతు తీసి ఇవ్వు" అన్నాడు ప్రసాదరావు గారు.

పాత హార్డ్‌డిస్క్ తెచ్చి తగిలించాను. ఆ ముందు రోజే ఇంట్లో ఒక్కణ్నే కూర్చుని విన్నాను దాన్ని, మొదటి నుంచీ చివరిదాకా. వినే ఒక నిర్ణయానికి వచ్చాను. మీట పైకి తోశాను. పల్లవి ఒక్కటే, ఏ వాయిద్యమూ లేకుండా గది నిండా నిలబడింది. సాయిలు కళ్లు మూసుకున్నాడు.

"అద్భుతం! ఆవిడ ఆవిడే" అన్నాడు ప్రసాదరావు గారు.

"ఆవిడ కాదండీ" అన్నాను. "తెర మీద పేరు చూడండి. స్వరూప. ఆరోజు మీరు కాఫీకి వెళ్లినప్పుడు నేనే మార్చాను. ఎవరికీ తెలియకూడదని వయొలిన్లు కప్పాను."

ఆయన వంగి పేరు చదివాడు. "మన స్వరూపా? ట్రాక్ స్వరూపా?" అని, మొహం ఎర్రగా చేసుకుని నా వైపు తిరిగాడు. "ఏవయ్యా, ఆరేళ్లు నోట్లో బెల్లం గడ్డ పెట్టుకుని కూర్చుని, పోస్టర్లు వేశాక చెబుతావా? బుద్ధుందా నీకు? ముందే ఎందుకేడవలేదు?"

"భయమండీ" అన్నాను. ఇంకేం చెప్పను. అరవయ్యేళ్లవాణ్ని ఆ గదిలో తలొంచుకుని నిలబడ్డాను.

కంపెనీ మనిషి గాయనికి ఎలా చెప్పాలని కంగారుపడుతుంటే, ప్రసాదరావు గారే అందరికీ వినపడేలా ముంబైకి ఫోన్ కలిపాడు. కోపంలో ఉన్నా దాచే మనిషి కాదు, జరిగింది జరిగినట్టు చెప్పాడు. అవతల ఆవిడ గలగలా నవ్వింది. అది తన గొంతు కాదని పాట వచ్చిన రోజే వాళ్లమ్మ చెప్పిందట. చరణాలు నావే కదా, పల్లవి ఎవరో చక్కగా పాడారు, నన్నెవరూ అడగలేదు, నేనూ ఊరుకున్నాను, దయచేసి ఆ అమ్మాయి పేరే వేయండి అంది. అంత సులువైన సంగతికి నేను ఆరేళ్లు వణికాను.

ఫోన్ పెట్టేసి ప్రసాదరావు గారు, "పోస్టరు మార్పించండి" అని కంపెనీ మనిషితో అన్నాడు. నాతో మాత్రం, "ఆవిడకి నేను చెప్పను. కంపెనీ చెప్పదు. నువ్వే పోయి చెప్పు. ఇప్పుడే పో" అన్నాడు. అలా వెళ్లగొట్టినందుకు ఆయనకి జన్మంతా రుణపడి ఉంటాను.

ముందటి మాట

యూసుఫ్‌గూడ సందులో మేడ మీద గది. నేను వెళ్లేసరికి నాలుగయింది. శ్రావణి అప్పుడే బడి నుంచి వచ్చి బ్యాగు కూడా దించలేదు. ఎనిమిదో తరగతి, తల్లి కంటే పొడుగు. స్వరూప తలుపు దగ్గరే నిలబడి, "సారూ, మీరొచ్చిండ్రా!" అని కంగారుగా కుర్చీ మీది బట్టలు తీసింది.

నేను కూర్చోలేదు. "అది నీ గొంతేనమ్మా. నీకేం ఖరాబు కాలేదు. ఖరాబైంది నేను. ఆరోజు నీకు చెప్పకుండా నీ గొంతు వాడాను, మొన్న నువ్వడిగితే చెప్పకుండా పంపించాను. క్షమించమని అడగడానికి వచ్చాను" అన్నాను.

స్వరూప పిల్ల వైపు చూసింది. పిల్ల నా వైపు చూసింది. నమ్మకం లేదు ఆ చూపులో. ఎవరో ముసలాయన, అమ్మకి తెలిసినాయన, అమ్మని సంతోషపెట్టడానికి చెబుతున్నాడనుకుంది.

"ఇది విను తల్లీ" అని ఫోన్ తీశాను. హార్డ్‌డిస్క్‌లో ఉన్న ట్రాక్ ఫైలు, ఏదీ కత్తిరించకుండా మొదటి నుంచీ తెచ్చాను. ఆరోజు పాట చేసేటప్పుడు పల్లవి మాత్రం కోసుకుని ముందున్నది చూడలేదు నేను. మైకు పెట్టగానే పాట మొదలవదు. కాసేపు దగ్గులు, కుర్చీ చప్పుళ్లు, మాటలు ఉంటాయి. వాటిని మేం ఎప్పుడూ వినం, కోసి పారేస్తాం.

ఫోన్‌లోంచి కుర్చీ జరిగిన చప్పుడు వచ్చింది. తర్వాత స్వరూప మాట, ఆరేళ్ల కిందటిది.

"మూర్తి సారూ, జర జల్ది కానియ్యుర్రి. ఒక్కటే సారి పాడుత, మంచిగ పాడుత. నా బిడ్డ బడి కాడ ఒక్కతే నిలబడ్డది. ఏడుస్తదది."

ఒక ఊపిరి. వెంటనే, ఏ వాయిద్యమూ లేకుండా, ఊరంతా పాడుకుంటున్న పిలుపు.

సాయిలు చెప్పింది నిజమే. ఆవిడ నిజంగానే పిలుస్తోంది. గోడలవతల ఎక్కడో గేటు దగ్గర నిలబడ్డ పిల్లకి వినపడాలన్నట్టు పిలుస్తోంది.

స్వరూప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శ్రావణి బ్యాగు భుజం మీంచి జారి కిందపడింది, తీసుకోలేదు. "అమ్మా, గా రోజు నాకు యాదికున్నది. అందరు పోయిన్రు, వాచ్‌మెన్ తాత నాకు బిస్కెట్ ఇచ్చిండు. నువ్వు ఉరుక్కుంట వచ్చినవ్" అంది.

"వచ్చిన కదనే" అంది స్వరూప.

పిల్ల కాసేపు తల్లిని చూసి, నా పక్కకి వచ్చి నిలబడి, ఫోన్ మీదికి వంగింది.

"ఇంకోసారి పెట్టుర్రి సార్. పాట వద్దు, అది అందరు ఇంటరు. ముందటి మాట పెట్టుర్రి."